అర్ధరాత్రి పాట సరే, తెల్లవారి మాటేది?

జనవరి ఉపవాస కూటాల నుంచి వేసవి ఉజ్జీవ సభల దాకా కోనసీమలో ఏ పందిట్లో కూర్చున్నా ఒక ప్రసంగం తప్పదు. శ్రమ వస్తే ఆనందించండి. హింస వస్తే గంతులు వేయండి, దేవుడు మిమ్మల్ని మెచ్చాడనడానికి అదే గుర్తు. ఎదురు చెప్పకండి, స్టేషను గడప తొక్కకండి, కేసుల జోలికి పోకండి. హింస ఉన్నచోటే సంఘం పెరిగింది, కావాలంటే చరిత్ర చూసుకోండి. ఇంత చెప్పి పాస్టరుగారు చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటారు, కీబోర్డు కుర్రాడు సన్నగా రాగం అందుకుంటాడు, జనం "స్తోత్రం" అంటారు. అమలాపురం నుంచి కాట్రేనికోన దాకా, అక్కణ్ణుంచి పల్లం, బలుసుతిప్ప రేవుల దాకా ఇదే వరస. పాత బ్రదరన్ మందిరమైనా, లూథరన్ గుడి అయినా, నిన్నగాక మొన్న రేకుల షెడ్డులో మొదలెట్టిన స్వతంత్ర సంఘమైనా ఈ ఒక్క పాఠంలో అందరిదీ ఏకాభిప్రాయం. మిగతా అన్నిటికీ వాదులాడుకునేవాళ్లు దీని దగ్గర మాత్రం ఒకరినొకరు మెచ్చుకుంటారు.

ఈ పాఠం తప్పు. పరాయివాళ్లు వచ్చి చెప్పక్కర్లేదు, ఆ ప్రసంగం చేసేవాళ్ల చేతిలో ఉన్న గ్రంథమే చెబుతోంది. శ్రమలో ఆనందం ఉండదని నేననడం లేదు. ఉంటుంది, చూశాను. ఆ ఆనందాన్ని చూపించి మనుషుల దగ్గర మౌనం వసూలు చేస్తున్నారే, నా గొడవ దానితో.

మొదట ఆ ఆనందం సంగతే చూద్దాం. హేతువాద మిత్రులు దాన్ని మత్తు అని ఒక్క మాటతో తోసిపారేస్తారు. వాళ్లొకసారి కాట్రేనికోన మండలంలో ఏదో ఒక పేటలో రాత్రి కాటేజీ ప్రేయరుకు వచ్చి కూర్చుంటే బాగుండును. నేను కూర్చున్న ఇంట్లో నేలమీద పట్టా, ట్యూబులైటు చుట్టూ పురుగులు, ఒక డోలకు, ఒక కంజీర. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయే ఒకావిడ సాక్ష్యం చెప్పడానికి లేచింది. పొద్దుటినుంచి ఐసులో నానిన వేళ్లు. గోళ్ల చుట్టూ తోలు తెల్లగా ఉబ్బి, ముల్లు గీరిన చోటల్లా ఎర్రగా చీలి ఉంది. అరచేతులు కలిపి కొడితే మంట, అందుకని అంతసేపూ మణికట్లు తాటిస్తూ తాళం వేసింది. కూలి బాకీ అడగడానికి వెళ్తే మేస్త్రీ "మీ యేసునే అడుక్కో, ఇత్తాడు" అన్నాడట. పక్కనున్నవాళ్లు కులం పేరెత్తి ఇంకో మాట కూడా అన్నారట. "నేనేం అనలేదండయ్యగారూ. ఏడుపు కూడా రాలేదండి. పాట పాడుకుంటా గట్టెమ్మట వచ్చేశానండి" అంది. ఆవిడ మొహంలో ఉన్నది నటన కాదు, మత్తూ కాదు. ఆ పూట ఆవిణ్ణి ఎవరూ కిందికి నెట్టలేకపోయారు, అంతే. అయ్యగారు "చూశారా, అదీ విశ్వాసి ఆనందమంటే!" అని తర్వాతి పాట ఎత్తుకున్నారు. ఆ బాకీ కూలి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి చదివిన వాక్యభాగం యాకోబు పత్రిక మొదటి అధ్యాయం, శోధనలను మహానందంగా ఎంచుకోమని చెప్పే చోటు. ఆ పత్రికకు అయిదో అధ్యాయం కూడా ఉంది. పొలం కోసిన పనివాళ్ల కూలి బిగబట్టిన ధనవంతుల్ని యాకోబు అక్కడ ఉతికి ఆరేస్తాడు. ఇవ్వని కూలి మొరపెడుతోందని, కోతగాళ్ల కేక దేవుడి చెవిన పడిందని రాస్తాడు. మొదటి అధ్యాయం రాసిందీ అయిదోది రాసిందీ ఒక చెయ్యే. రొయ్యల షెడ్డు మనిషికి మొదటిది మాత్రం వినిపించి బైబిలు మూసేయడాన్ని వాక్యపరిచర్య అందామా?

పైగా ఆ ఆనందం ఎవరిది? శ్రమపడ్డ మనిషి తనంతట తాను లేచి "నాకు సంతోషంగా ఉంది" అంటే అది సాక్ష్యం. కుర్చీలో కూర్చున్నవాడు కిందనున్నవాళ్లతో "సంతోషించండి" అంటే అది ఆజ్ఞ. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు ఎల్లప్పుడూ ఆనందించమన్నాడు నిజమే. అప్పుడు ఆయన చేతికి సంకెళ్లున్నాయి. ఆ మాట అనే అర్హత ఆ సంకెళ్లు ఇచ్చాయి. ఏసీ కారులో సభకు వచ్చి, కానుక కవరు జేబులో పెట్టుకుని వెళ్లే ప్రసంగీకుడికి ఆ అర్హత ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ప్రసంగం ఎప్పుడూ పైనుంచి కిందికే పోతుంది. చెరువు యజమానికి నష్టం వచ్చినప్పుడు ఆనందించమని చెప్పిన పాస్టరు నాకింతవరకు తగల్లేదు. ఆయన కోసం ప్రత్యేక ప్రార్థన పెడతారు.

ఇప్పుడు ఫిలిప్పీకి వెళ్దాం, ఈ వాదనకు కోట అదే గనక. ఆ చెరసాల కథ తెలియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. పౌలు, సీల బట్టలు లాగేసి బెత్తాలతో కొట్టించారు. లోపలి గదిలో వేసి కాళ్లకు బొండ బిగించారు. అర్ధరాత్రి వాళ్లు ప్రార్థిస్తూ పాటలు పాడారు. భూమి కంపించింది, తలుపులు తెరుచుకున్నాయి, చెరసాల నాయకుడు ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. సరిగ్గా ఇక్కడ మన ప్రసంగం ఆగిపోతుంది, "హల్లెలూయ" అంటారు, పాట మొదలవుతుంది. అపొస్తలుల కార్యముల పదహారో అధ్యాయం మాత్రం ఆగదు. తెల్లవారింది. న్యాయాధిపతులు బంటుల్ని పంపి, వాళ్లని వదిలేయమని కబురు చేశారు. చెరసాల నాయకుడు ఆ కబురు మోసుకొచ్చి, సమాధానంగా వెళ్లిపొమ్మన్నాడు. పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా నలుగురిలో కొట్టించి చెరలో వేశారు, ఇప్పుడు గుట్టుగా సాగనంపుతారా, కుదరదు, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి అన్నాడు. విచారణ జరగలేదు, కొట్టింది బహిరంగంగా, కొట్టింది పౌరుల్ని: ఫిర్యాదు రాయడం తెలిసిన వకీలు కూడా ఇంతకంటే పొందిగ్గా రాయలేడు. న్యాయాధిపతులు హడలిపోయారు, స్వయంగా వచ్చి బతిమాలుకుని బయటికి తీసుకొచ్చారు.

వీపు మీద గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న మనిషి, వదిలేస్తామంటే కూడా వెళ్లకుండా భీష్మించుకు కూర్చోవడం దేనికి? ఆయనది పంతమనుకునేవాళ్లు తర్వాతి వాక్యం చూడాలి. చెరసాల నుంచి ఆయన తిన్నగా లూదియ ఇంటికి వెళ్లాడు, అక్కడ పోగైన సహోదరుల్ని చూసి, ధైర్యం చెప్పి ఊరు విడిచాడు. తాను వెళ్లిపోతాడు, ఆ చిన్న సంఘం ఆ ఊళ్లోనే ఉంటుంది. ఇంకోసారి వాళ్ల మీద చెయ్యెత్తే ముందు అధికారి ఒక్క క్షణం ఆలోచించాలి. నా లెక్కలో ఆ పట్టుదలకు అర్థం ఇదే. పాట పాడిన నోరే పొద్దున్న చట్టం అడిగింది. తర్వాత యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే, ఇది న్యాయమేనా అని శతాధిపతిని నిలదీసింది ఆయనే. కైసరయలో కైసరు ఎదుటే తేల్చుకుంటానని అప్పీలు చేసుకున్నదీ ఆయనే. ఆనందం గురించి మనవాళ్లు ఎక్కువగా చదివే పత్రిక, ఇలా అడుగడుగునా చట్టం అడిగిన మనిషి ఆ ఫిలిప్పీ వాళ్లకే రాసింది.

అపొస్తలులు మహాసభలో దెబ్బలు తిని సంతోషిస్తూ బయటికొచ్చారు కదా అని అడుగుతారు. అవును, అపొస్తలుల కార్యముల అయిదో అధ్యాయంలో ఉంది. ఆ వెంటనే, వద్దన్న పనినే ప్రతిదినం దేవాలయంలోనూ ఇంటింటా మానకుండా చేశారని కూడా ఉంది. నోరు మూసుకొమ్మని కొడితే, నోరు మూసుకోనందుకు కలిగిన సంతోషం అది. దాన్ని తెచ్చి నోరు మూసుకోవడానికి ఆధారంగా వాడటం ఎంత విడ్డూరం!

మరి ప్రభువు గొర్రెపిల్లలా మౌనంగా ఉన్నాడే అంటారు. హేరోదు ముందు మౌనంగా ఉన్నాడు, వాడికి కావలసింది వినోదం గనక. ప్రధానయాజకుడి ముందు బంటు చెంపమీద కొట్టినప్పుడు మాత్రం ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేదో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని అడిగాడు. రెండో చెంప చూపించమని కొండమీద చెప్పినవాడే చెంపదెబ్బకు కారణం అడిగాడు. పైగా ఆయన సిలువకు తానుగా నడిచాడు. మన రొయ్యల షెడ్డు మనిషి కూలి ఎగ్గొట్టించుకోవడానికి తానుగా నడిచిందా?

ఇక ఇక్కడి హింస ఏమిటో తేల్చుకోవాలి. కొండమీద ప్రసంగంలో ధన్యత ఊరికే ఇవ్వలేదు. నా నిమిత్తం, అదీ అబద్ధంగా చెడ్డమాటలన్నప్పుడు అని రెండు షరతులున్నాయి. మన పందిళ్లలో షరతులు ఎగిరిపోయాయి, అన్ని కష్టాల్నీ ఒకే మూటలో కట్టి ఆశీర్వాదమనే చీటీ అంటించారు. 1996 నవంబరు 6 తుపానుకు బలుసుతిప్ప, భైరవపాలెం మత్స్యకారులు వేటకెళ్లి తిరిగి రాలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు కాలిపోయారు. అలాంటి వాటిల్లో హెచ్చరిక అందిందా, పైపు ఎంత పాతది, ఎవరి బాధ్యత అని అడగడం మనిషి పని. దేవుడు పరీక్షించాడని చెప్పిన మరుక్షణం ఆ ప్రశ్నలన్నీ ఆకాశానికి పోతాయి. కంపెనీకీ సర్కారుకీ అంతకన్నా కావలసిందేముంది?

మిగిలిన హింస చాలావరకు కులానిది. కోనసీమ క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. వాళ్లని తిట్టేవాడు త్రిత్వ సిద్ధాంతం నచ్చక తిట్టడు. ఊరేగింపు మా వీధిలోంచి పోకూడదన్నా, శ్మశానానికి దారి మూసినా, మైకు కట్టేయమన్నా అడ్డొచ్చింది సిలువ కంటే పేట. 2022 మే 24న అమలాపురం ఎందుకు తగలబడింది? జిల్లా పేరుకు ముందు అంబేడ్కర్ పేరు చేరుస్తున్నారని. మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ మంటల్లో ఉన్న ఆ సాయంత్రం పేటల్లో తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్లలో బైబిలు ఉన్న ఇళ్లవాళ్లూ లేనివాళ్లూ ఉన్నారు, అందరి భయమూ ఒక్కటే.

చట్టం ఈ పేట క్రైస్తవుణ్ణి ఎలా చూస్తుంది? 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవుడికి, ముస్లిముకు సడలింపు లేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను బీసీ-సీలో వేసి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. మన శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానాలు చేసి ఢిల్లీకి పంపింది. 2025 ఏప్రిల్ నెలాఖర్లో మన హైకోర్టు, కులం పేరుతో దూషించారని ఫిర్యాదు చేసిన గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకరి కేసులో, క్రైస్తవం పుచ్చుకున్నవాడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. అందుకే చాలా ఇళ్లలో బాప్తిస్మం పేరొకటి, సర్టిఫికెట్టు పేరొకటి. ఆదివారం ఒక పేరుతో పిలిస్తే పలుకుతారు, తహసీల్దారు కాయితంలో ఇంకో పేరు. బయటివాళ్లు దీన్ని దొంగతనమంటారు. తమ పిల్లవాడి సీటు పోకుండా కులం కాయితం భద్రంగా దాచుకునేవాళ్లే ఎక్కువగా అంటారు.

కొట్టేవాడికి వీడు మాలవాడు, మాదిగవాడు. కోర్టుకెళ్తే క్రైస్తవుడు, కులం లేదు. మందిరానికి తిరిగొస్తే ధన్యుడు, ఆనందించాలి. మూడు చోట్లా వీడి ఫిర్యాదు ఎవరి చేతిలోనూ పడదు. మొదటి ఇద్దరినీ నిలదీసే బలం నాకు లేకపోవచ్చు, మూడోవాళ్లు నా వాళ్లు గనక అడుగుతున్నాను. కులపు దెబ్బకు విశ్వాసపు హింస అని పేరు పెట్టి, సంఘంలో కూడా కులం మాట ఎత్తకుండా చేసుకున్నారు. ఎత్తితే పెళ్లి సంబంధాల దగ్గర, పెద్దల కమిటీల దగ్గర మాల, మాదిగ లెక్కలు బయటపడతాయన్న జంకు ఉంది. ఈ సంగతికి విడిగా ఒక వ్యాసం పడుతుంది.

"మన పితరులు అన్నీ మౌనంగా భరించారు" అనే మాట కూడా చరిత్ర ముందు నిలవదు. ఒంగోలు సంగతి తీసుకోండి. 1860ల చివర్లో ఎర్రగుంట్ల పేరయ్య మొదలుకొని మాదిగలు బాప్తిస్మం పుచ్చుకుని, ఆదివారం వెట్టి చెయ్యం, జాతర్లలో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం ముట్టం అన్నారు. ఊళ్లకు ఊళ్లు వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. గమనించండి, ఆ హింస ప్రార్థన చేసినందుకు మొదలవలేదు, పని మానేసినందుకు మొదలైంది. మౌనంగా ఉంటే హింసే లేదు. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ ఆకలిలో ఆనందించమని చెబుతూ కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తానే తీసుకుని వేలమందికి పార చేతికిచ్చి కూలి ఇప్పించాడు. తిండికోసం మతం మారారనే మాట రాకుండా కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం.

పాటల సంగతికొస్తే, మన సంఘాలు ఇప్పటికీ పాడుకునే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ్యం వదులుకుని ఇంటికీ బంధువులకూ దూరమై కుమిలినవాడు. ఆయన కీర్తనల్లో వేడుకోలు, మొర, కన్నీళ్లు దండిగా ఉంటాయి. దావీదు పేరుమీద చెల్లే కీర్తనల గ్రంథం మాత్రం? 150 కీర్తనల్లో సుమారు మూడోవంతు విలాపాలే, ఎందాకా ఊరుకుంటావని దేవుణ్ణే దబాయించేవి. ఇవి పక్కన పెట్టి స్తుతి కీర్తనలే ఏరుకుని కీబోర్డుకు కట్టారు మనవాళ్లు. జాషువా 1941లో గబ్బిలంతో కాశీకి పంపించింది కూడా ఫిర్యాదే. క్రైస్తవుల ఇంట పుట్టిన ఆ కవిని ఊరూ సంఘమూ రెండూ సరిగ్గా చూడలేదు.

హింసతోనే సంఘం పెరుగుతుందన్న మాట ఒకటి మిగిలింది. హతసాక్షుల రక్తమే విత్తనమన్న భావం క్రీస్తుశకం రెండో శతాబ్దం చివర్లో కార్తేజివాసి టెర్తుల్లియన్ చెప్పాడు. ఆయన ఊరు ఇప్పుడు ట్యునీషియాలో ఉంది. అక్కడి ప్రాచీన సంఘం కొన్ని శతాబ్దాల్లో పూర్తిగా ఆరిపోయింది. జపానులో పదహారో శతాబ్దంలో లక్షల్లో ఉన్న క్రైస్తవుల్లో, 1614 నిషేధం తర్వాత చిత్రహింసల్లో కొందరు చచ్చారు, చాలామంది మానుకున్నారు, మిగిలినవాళ్లు రెండు వందల ఏళ్లకు పైగా దాక్కుని బతికారు. రక్తం తక్కువై అలా జరగలేదు. గోదావరి డెల్టాలో సంఘం పెరిగింది దెబ్బల వల్ల కాదు. 1836లో ఇటు వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు పాలకొల్లు, నరసాపురాల్లో మకాం పెట్టి, ధవళేశ్వరం ఆనకట్ట కూలీల మధ్య తిరిగాయి. తర్వాత బడులు, ఆసుపత్రులు, రామచంద్రపురంలో కుష్ఠురోగుల ఆశ్రమం వచ్చాయి. మనిషిని మనిషిగా పేరుపెట్టి పిలిచిన చోటికి మనుషులు వచ్చారు. ఇంత సాదా కారణం కళ్లముందుండగా కొట్టినవాడికి ఘనత ఇవ్వడమెందుకు?

కాట్రేనికోన పేరెత్తాక ఇదే మండలంలోని కందికుప్పను వదిలి వెళ్లలేను. 1939లో బొజ్జా తారకం పుట్టిన ఊరది. ఆయన బోధకుడు కాడు, అంబేడ్కరిస్టు, వకీలు, కవి. ఎమర్జెన్సీలో జైలుకెళ్లాడు. మామూలు మనిషికి అరెస్టు వేళ ఉండే హక్కులేమిటో తేలిక మాటల్లో "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాశాడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ వకీలు పదవి వదిలేసి వచ్చాడు. కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభను నిలబెట్టాడు. కారంచేడు మృతుల పేర్లలో బైబిలు పేర్లున్నాయి. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు, ఊరికి తిరిగి వెళ్లం, న్యాయం కావాలన్నారు. ఆ శిబిరంలో రాత్రిళ్లు పాటలుండేవి. పగలు ధర్నాలుండేవి.

చట్టంతో ఒరిగిందేమిటని వెంటనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది, ఇరవైమూడేళ్లు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది మాలల్ని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవైఒక్కమందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చట్టం ఓడిపోతుంది, నిజం. అయితే ఆ చుండూరు మనుషులు శవాలను ఊరి నడిబొడ్డున పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు, ఏటేటా అక్కడ చేరుతున్నారు. 1989 అట్రాసిటీ చట్టం వెనక కారంచేడు లాంటి ఊళ్ల ఒత్తిడి ఉంది. న్యాయం ఆలస్యమైందని దాన్ని అడగడమే మానేస్తే, లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయపు విధవరాలిని ఏం చేస్తారు? దేవుడికి భయపడని న్యాయాధిపతి చుట్టూ విసుగు లేకుండా తిరిగింది ఆవిడ. ప్రార్థన ఎలా చెయ్యాలో చెప్పడానికి ప్రభువు ఎంచుకున్న మనిషి కోర్టు మెట్లు అరగదీసిన మనిషి.

క్షమించాలి కదా అంటారా? తప్పకుండా. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఇద్దరు పిల్లల్నీ జీపులో సజీవంగా తగలబెట్టినప్పుడు ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ ఆ హంతకుల్ని క్షమించానన్నారు. ఆ మాట మన పందిళ్లలో వందలసార్లు విన్నాం. క్షమాపణ వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు, రెంటినీ కలపకూడదని ఆవిడే చెప్పిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. క్షమించేది నష్టపోయిన మనిషి, తన ఖాతాలోంచి. వేరేవాడి గాయాన్ని వేదికమీదనుంచి క్షమించే అధికారం పాస్టరుకు లేదు.

ఇన్ని చెప్పాక ఒక పాస్టరుగారు నాతో నెమ్మదిగా అసలు మాట అన్నారు. "మీరు రాసేసి వెళ్లిపోతారండి. రేపు కేసు పెడితే పెద్దరైతులు కూలికి పిలవరండి. మందిరం దారి మూసేత్తారు. మా కుర్రోళ్ల మీద ఎదురు కేసు కడతారు. అందుకేనండి సంతోషించమంటాం, ఇంకేం చెప్పమంటారు?" ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజం, పేటలో బతుకు అలాగే ఉంటుంది. అయితే అది భయం. భయాన్ని భయమనే చెప్పండి. ఇవాళ మనకు బలం లేదు, పక్క పేటలతో మాట్లాడదాం, వకీలుని కనుక్కుందాం, అందాకా కూలి పోయిన ఇంటికి బియ్యం పోద్దాం అని చెప్పండి. దానికి ఆనందమని పేరు పెట్టి వేదిక ఎక్కించొద్దు. భయపడటం విశ్వాసికి సిగ్గేమీ కాదు. యెజెబెలు చంపేస్తానని కబురు పంపితే ఏలీయా ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో బదరీచెట్టు కింద పడుకుని, ఈ ప్రాణం తీసేసుకో దేవా అన్నాడు. దేవుడు ఆయనతో ఆనందించమని అనలేదు. రొట్టె కాల్చి పెట్టించాడు, నీళ్లు పెట్టించాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు దాకా నడిచాక ఏం చేస్తున్నావిక్కడ అని అడిగి, తిరిగి దమస్కు దారి పట్టించాడు. చేతికిచ్చిన పని, సిరియాకు ఒక కొత్త రాజును, ఇశ్రాయేలుకు ఒక కొత్త రాజును అభిషేకించడం.